రచయిత్రి గారు విచ్చేయుదురు

తప్పంతా భ్రమరాంబ టీచర్‌ది. ఆవిడ అనుమతి అడిగింది.

అడక్కుండా ఫోన్ తీసి, పిల్ల చేతికిచ్చి, "ఇదిగో, రచయిత్రి గారు లైన్లో ఉన్నారు, నీ అనుమానం అడిగేయ్" అనేస్తే నిమిషంలో అయిపోయే పని. ఆ పిల్ల నూకరత్నం. పెదకలువలంక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి. బడి బీరువాలో ఉన్న బొమ్మల పుస్తకాల్లో ఒకదాన్ని పట్టుకుని వదలకుండా చదివింది. 'తోక దాచుకున్న తొండ' దాని పేరు, రాసినావిడ సౌగంధిక గారు. కథ మొదట్లో తొండపిల్లని కంచె మీద కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు, ఇప్పుడే వచ్చేస్తా" అని వాళ్ళమ్మ వెళ్తుంది. తరవాత తొండపిల్ల పిల్లిని ఏడిపిస్తుంది, కాకితో పందెం కడుతుంది, చివరికి తోటకంతటికీ రాజైపోతుంది. అమ్మ మాత్రం మళ్ళీ కనబడదు.

"తొండోళ్ళమ్మ ఏవైపోయిందండీ టీచర్?" అని నూకరత్నం అడిగింది.

"పనిమీద వెళ్ళుంటుందే."

"ఇప్పుడే వచ్చేత్తానంది కదండీ. కతైపోయినా రాలేదేంటండీ?"

నూకరత్నం వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. పిల్ల లేవకముందే కంపెనీ వ్యాను ఎక్కేస్తుంది, పిల్ల నిద్రపోయాక దిగుతుంది. ఇల్లు చూసేది అమ్మమ్మ. ఈ సంగతి తెలుసు కాబట్టి భ్రమరాంబ టీచర్‌కి ఆ ప్రశ్న ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. పుస్తకం వెనక అట్ట మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. రచయిత్రి గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "పిల్లలు చదివారా! వీడియో కాల్‌లో మాట్లాడతానండీ, ఎప్పుడంటే అప్పుడే" అన్నారు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. వెళ్ళి హెడ్మాస్టరు గవర్రాజు గారిని అనుమతి అడిగింది. గవర్రాజు గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. బడికి కొత్త సుద్దముక్కలు వచ్చినా పైవాళ్ళకి తెలిపి గానీ పెట్టె విప్పరు. ఆయన మండల విద్యాధికారి త్రివిక్రమరావు గారికి రాశారు. ఆయన తన పైవాళ్ళకి రాశారు. ఆ పైన ఇంకెవరికి రాశారో గానీ, మంచి మర్యాద తెలిసిన మనిషి చేతిలో పడ్డట్టుంది, సర్క్యులర్ ఒకటి దిగింది. 'ప్రముఖ బాలల రచయిత్రి సౌగంధిక గారు సదరు పాఠశాలకు దృశ్యరూపమున విచ్చేయుదురు. తగు ఏర్పాట్లు చేయవలెను.'

'మాట్లాడుదురు' అని రాసుంటే టీవీ ఒకటి పెడితే సరిపోయేది. విచ్చేయడమంటే మాటలా!

*

త్రివిక్రమరావు గారు మర్నాడే జీపులో దిగారు. ఆయనకి ఉత్తర్వులంటే ప్రాణం. ఇంట్లో పెళ్ళాం ఉప్పు తెమ్మన్నా, "సదరు ఉప్పు ఎంత మేరకు?" అని అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"అమ్మా, విచ్చేయు ప్రముఖులకు స్వాగత తోరణం, పూలదండ, శాలువా, జ్యోతి ప్రజ్వలన, వేదికపై ఆసనం, అల్పాహారం. ఇవి నిబంధనలు" అన్నారు.

"సార్, ఆవిడ రారండీ. టీవీలో కనబడతారంతే" అంది భ్రమరాంబ టీచర్.

"విచ్చేయుదురు అని ఉన్నది."

"దృశ్యరూపంలో అని కూడా ఉందండీ."

"అది ఏ రూపమున విచ్చేయుదురో తెలుపు మాట. విచ్చేయుదురా, లేదా అన్నదానికి అది అడ్డం కాదు. ఒకరు కారులో విచ్చేయుదురు, ఒకరు విమానంలో విచ్చేయుదురు. ఈమె దృశ్యరూపంలో విచ్చేయుదురు. దండ తప్పదు."

"దండ ఎవరి మెళ్ళో వేస్తామండీ?"

త్రివిక్రమరావు గారు ఆలోచించారు. తేల్చలేని ప్రశ్న వచ్చినప్పుడు పెద్ద అధికారులు ఎలా ఆలోచిస్తారో అలా, కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించారు. "కార్యక్రమ సమయమున నిర్ణయించబడును" అన్నారు.

వెళ్తూ వెళ్తూ బీరువా తెరిపించి ఆ పుస్తకం తెప్పించారు. అట్ట నలిగింది, మూల చిరిగింది, నూకరత్నం వేలిముద్రలు ఒకటో రెండో ఉన్నాయి. ఆయన మొహం మాడిపోయింది. "రచయిత్రి గారు విచ్చేయు నాటికి వారి పుస్తకం ఈ స్థితిలోనా? ఎవరో చదివినట్టున్నారే!" అని, ప్లాస్టిక్ కాగితం చుట్టించి, బీరువాలో పెట్టించి, తాళం గవర్రాజు గారి జేబులో వేయించారు. కార్యక్రమం అయ్యేవరకూ ఎవరూ ముట్టకూడదన్నారు. అలా రచయిత్రి రాక కోసం ఆ బడిలో చదవడం ఆగిపోయింది.

*

తరవాత ప్రశ్నల గొడవ మొదలైంది. రెండో సర్క్యులర్ వచ్చింది. 'విద్యార్థులు రచయిత్రి గారిని అప్పటికప్పుడు తమకు తోచిన ప్రశ్నలు స్వేచ్ఛగా అడగవలెను. సదరు అప్పటికప్పుడు తోచు ప్రశ్నలను ముందుగా కార్యాలయమునకు పంపి ఆమోదం పొందవలెను.'

భ్రమరాంబ టీచర్ ఒళ్ళు మండినా పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు రాయించింది. ఎక్కడెక్కడి ప్రశ్నలో వచ్చాయి. తొండ తోక మళ్ళీ మొలుస్తదా? మీ ఇంట్లో పిల్లుందా? బొమ్మలు మీరే ఏశారా? అన్నిటికంటే పైన నూకరత్నం ప్రశ్న పెట్టి పంపింది.

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. తోకలు మొలుచుట జీవశాస్త్రము గనుక పై తరగతులకు చెందును. రచయిత్రి గారి ఇంట పిల్లి గలదా లేదా అన్నది వారి వ్యక్తిగతము. నూకరత్నం ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆఫీసు మరీ కంగారుపడింది. 'తల్లి కనబడకుండుట పోలీసు శాఖ పరిధిలోని అంశము. విద్యాశాఖ ద్వారా అడుగుట తగదు.' ఆ కిందే అప్పటికప్పుడు తోచిన ప్రశ్నలు ఆఫీసువారే తయారుచేసి పంపారు. 'తమ సాహితీ ప్రస్థానమునకు స్ఫూర్తిప్రదాతలెవరు?' అనేది ఒకటో తరగతి వాడికి తోచాలి. 'తమకు ఇష్టమైన రంగు ఏది?' అనేది రెండో తరగతికి. రచయిత్రి గారు చెప్పబోయే జవాబులు కూడా పక్కనే ఉన్నాయి, పిల్లలు ఏ మాట తరవాత చప్పట్లు కొట్టాలో తెలియాలి కదా. రంగుకి జవాబు నీలం.

నూకరత్నం ఈ సంగతి విని ఏడవలేదు. పెదవి బిగించి, "మరి నేనేం సెయ్యాలండీ?" అంది.

"నువ్వు దండ పట్టుకుని నిలబడాలే" అంది భ్రమరాంబ టీచర్. చెప్తూంటే ఆవిడకే సిగ్గేసింది. ఎవరి ప్రశ్న కోసం ఇదంతా మొదలైందో ఆ పిల్ల నోటికి తాళం వేసి, చేతికి దండ ఇచ్చారు.

*

రిహార్సల్స్ మొదలయ్యాయి. రచయిత్రి లేకుండా రిహార్సలెలా? దానికి త్రివిక్రమరావు గారి ఆఫీసులో పనిచేసే బుల్లబ్బాయిని పంపారు. టీవీ వచ్చిన అట్టపెట్టె ఉంటే దానికి ముందువైపు చతురస్రంగా కోసి, బుల్లబ్బాయిని అందులో కూర్చోబెట్టారు. మీసం ఉన్నా ఫరవాలేదు, ఆసనంలో ఉన్నవారినే రచయిత్రిగా భావించవలెనని ఆదేశం. లోపల ఉక్క. ఆయన తల ఒక్కటే బయటికి కనబడేది, చెమటలు కారుతూ.

"తమకు ఇట్టమైన రంగు ఏది?"

"నీలం" అనేవాడు బుల్లబ్బాయి పెట్టెలోంచి.

చప్పట్లు.

"ఆశ్చర్యం తక్కువైంది" అనేవారు త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి. "నీలం అనగానే పిల్లల నోళ్ళు కొంత తెరుచుకోవలెను. మరల."

మళ్ళీ నీలం. మళ్ళీ ఆశ్చర్యం. మధ్యలో లెక్కలు పోయాయి, తెలుగు పోయింది, గుణింతాలు ఎక్కడివక్కడే ఆగాయి. నూకరత్నం ప్రతిసారీ దండ తీసుకెళ్ళి పెట్టెలో చెయ్యిపెట్టి బుల్లబ్బాయి మెళ్ళో వేసేది. "సిన్నగా ఎయ్యమ్మా, సెవి లాగేత్తన్నావు" అని ఆయన గోల. ఒకటో తరగతి పిల్లలు ఇళ్ళకెళ్ళి, రచయిత్రి గారంటే మీసాలుంటాయని, అట్టపెట్టెలో కాపరముంటారని చెప్పారు. అందులో వాళ్ళ తప్పేముంది?

ఒకనాడు బుల్లబ్బాయి పెట్టెలో ఉండగా నూకరత్నం దండ వేస్తూ మెల్లిగా అడిగింది. "తొండోళ్ళమ్మ ఏవైపోయిందండీ?"

"నాకు నీలం ఒక్కటే సెప్పమన్నారమ్మా" అన్నాడాయన పాపం.

*

ఆ రోజు రానే వచ్చింది. గుమ్మానికి మామిడాకులు, ముందు ముగ్గు, వేదిక మీద బల్ల, బల్ల మీద టీవీ. టీవీ పక్కన ఖాళీ కుర్చీ, దాని మీద మడిచిన శాలువా, దాని ముందు ప్లేటులో రెండు ఇడ్లీలు. నెట్ సంగతికొస్తే ఆ ఊళ్ళో సిగ్నల్ త్రివిక్రమరావు గారి ఫోన్‌కి మాత్రమే అందుతుంది. అందుకని ఆయన ఫోన్ నుంచే టీవీకి నెట్ ఇచ్చారు. ఆయన ఫోన్‌లో మాట్లాడినా, దాన్ని ఇంకే పనికి వాడినా టీవీకి నెట్ ఆగిపోతుందని బుల్లబ్బాయి ముందే చెప్పాడు. చెప్పింది బుల్లబ్బాయి కాబట్టి ఎవరూ చెవిన వేసుకోలేదు.

రచయిత్రి గారు తెర మీదికి వచ్చారు. కళ్ళజోడు, నెరిసిన జుట్టు, మొహం నిండా నవ్వు. "పిల్లలూ, బాగున్నారా?"

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మీసాలు లేవు.

"తమకు ఇట్టమైన రంగు ఏది?" అని రెండో తరగతి అరిచింది.

"నాకా? వంకాయ రంగమ్మా!"

"తప్పండి!" అన్నారు పిల్లలంతా ఒక్కసారిగా. "నీలం!"

రచయిత్రి గారు పకపకా నవ్వారు. అప్పుడే త్రివిక్రమరావు గారి ఫోన్ మోగింది. పక్క మండలం అధికారి, కార్యక్రమం ఎలా జరుగుతోందని. ఈయన "బ్రహ్మాండముగా జరుగుచున్నది" అంటూ వరండాలోకి నడిచారు. తెర మీద రచయిత్రి గారు ఉన్నట్టుండి ఆగిపోయారు. నవ్వు సగంలో, కళ్ళు సగం మూసుకుని, కదలకుండా.

"ఇదే తగిన సమయం, దండ!" అని గుమ్మంలోంచి సైగ చేశారు త్రివిక్రమరావు గారు.

నూకరత్నం దండ తీసుకెళ్ళింది. మెడ కోసం వెతికింది. మెడ గాజు లోపలుంది. చేసేదేం లేక టీవీకి రెండు మూలలా పట్టించి దండ వేసింది. గవర్రాజు గారు నిబంధన ప్రకారం కింద కుందిలో దీపం వెలిగించారు. దీపం ఉన్నాక అగరొత్తులు లేకపోతే బావుండదని ఆయనే రెండు వెలిగించి ఇడ్లీలో గుచ్చారు. భ్రమరాంబ టీచర్ అది చూసింది. అయ్యో, అయ్యో అనుకుంటూ లేచేలోపలే నూకరత్నం వాళ్ళ అమ్మమ్మ గుమ్మంలో కనబడింది. మనవరాలు దండ వేస్తుందంటే చూద్దామని వచ్చిన ముసలామె. లోపలికి తొంగిచూసి, చెప్పులు విడిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో తల్లీ! మొన్నే కదమ్మా వత్తానన్నారన్నావు. ఇంతలోనే ఏవైందే!"

ఆమె ఏడుపు విని పక్కింటావిడ వచ్చింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ వచ్చింది. త్రివిక్రమరావు గారు ఈలోగా వేదికని చక్కగా ఫొటో తీసి, 'రచయిత్రి సౌగంధిక గారు, పెదకలువలంక పాఠశాల' అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ తగిలించి, అధికారుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఆయన ఉద్దేశం నమస్కారం. కానీ దండ వేసి, దీపం పెట్టి, అగరొత్తులు వెలిగించిన బొమ్మ కింద ఆ చేతులు చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ముందు ఒకరు 'ఓం శాంతి' అన్నారు. తరవాత అందరూ అన్నారు. ఒకరు 'వారి ఆత్మకు శాంతి కలుగుగాక, తెలుగు బాలలకు తీరని లోటు' అని రాస్తే మిగతావాళ్ళు అది తీసి మళ్ళీ మళ్ళీ పెట్టారు. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి జిల్లా అధికారి.

"ఎప్పుడు పోయారయ్యా?"

"పోలేదండి. విచ్చేశారండి."

"పోయారా, విచ్చేశారా? సరిగ్గా చెప్పు. నేను సంతాపం పెట్టేశాను. నా పైవారు కూడా పెట్టారు."

త్రివిక్రమరావు గారు కిటికీలోంచి ఒకసారి బయటికి చూశారు. "అయితే పోయినట్టేనండి" అన్నారు.

లోపలికి వచ్చి విషయం చెప్పారు. భ్రమరాంబ టీచర్ తలప్రాణం తోకకొచ్చింది. "సార్, ఆవిడ నిక్షేపంగా ఉన్నారండీ! నెట్ ఆగిందంతే!"

"అది సాంకేతికమైన అభిప్రాయం అమ్మా. పై అధికారులు సంతాపం తెలిపిన తరువాత సదరు వ్యక్తి జీవించియుండుట వారిని ధిక్కరించుట అగును. అందరూ లేవండి. రెండు నిమిషాలు మౌనం. ఎవరూ మాట్లాడరాదు, కదలరాదు. గవర్రాజు గారూ, వీడియో తీయండి, గ్రూపులో పెట్టవలెను."

పిల్లలు లేచారు. లేవడంలో మాత్రం రిహార్సల్ అక్కర్లేదు వాళ్ళకి. త్రివిక్రమరావు గారు గ్రూపు చూడ్డం మాని ఫోన్ జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచుకున్నారు. బడంతా నిశ్శబ్దం.

ఆయన ఫోన్ వాడ్డం ఆపారు కదా, టీవీకి నెట్ వచ్చింది.

దండ మధ్యలో రచయిత్రి గారు కళ్ళు పూర్తిగా తెరిచారు. "హలో! వినబడుతోందా పిల్లలూ? అందరూ ఎందుకలా నించున్నారు? ఎవరు పోయారు?"

వెనకాల ముసలామె గోడకి అంటుకుపోయింది. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడరాదు. గవర్రాజు గారి చేతిలో వీడియో నడుస్తోంది. నూకరత్నం టీవీ పక్కనే, దండ వేసిన చోటే నిలబడి ఉంది. తెర వంక చూసింది. తరవాత భ్రమరాంబ టీచర్ వంక చూసింది.

టీచర్ కూడా మాట్లాడకూడదు. అందుకని తలూపింది. గట్టిగా ఊపింది.

"తొండోళ్ళమ్మ ఏవైపోయిందండీ?" అంది నూకరత్నం.

త్రివిక్రమరావు గారు ఒక కన్ను తెరిచారు. ఆ పిల్లని నోరు ముయ్యమనాలంటే తను నోరు తెరవాలి. తెరిస్తే మౌనభంగం. వీడియోలో పడుతుంది, జిల్లా చూస్తుంది. ఆయన మొహం ఎర్రబడింది, దవడలు కదిలాయి, అయినా ఉత్తర్వు ఉత్తర్వే. కన్ను మూసుకున్నారు.

రచయిత్రి గారు తెర దగ్గరికి జరిగారు. "ఎవరూ అడగలేదమ్మా ఇది" అన్నారు. "నిజం చెప్పనా? కాకి పందెం రాస్తూ రాస్తూ మర్చిపోయాను. వాళ్ళమ్మని వెళ్ళమన్నాను గానీ మళ్ళీ పిలుచుకురాలేదు. తప్పు నాదే."

"మర్సిపోతే ఎలాగండీ? అది కంచె మీదే కూకుని సూత్తంటది కదండీ!"

"అవునమ్మా. ఎక్కడికెళ్ళుంటుందంటావు?"

"రొయ్యల షెడ్డుకెళ్ళుంటదండీ. డూటీ దిగాక వ్యాను రావాలి కదా, అందుకే లేటు. తొండపిల్ల నిద్దరోయాక వత్తది. వచ్చి దుప్పటి కప్పుద్ది. పొద్దున్న దానికి తెలీదంతే." నూకరత్నం ఊపిరి పీల్చుకుంది. "అలాగని రాయండి."

"రాస్తాను తల్లీ. నీ పేరు వేసి రాస్తాను" అన్నారు రచయిత్రి గారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

భ్రమరాంబ టీచర్‌కి కూడా కళ్ళు తుడుచుకోవాలనిపించింది. వీడియో అప్పుడే తన వైపు తిరిగింది, కదలరాదు కాబట్టి అలాగే వదిలేసింది. చూసినవాళ్ళు సంతాపం అనుకున్నారు.

"కూర్చోండి!" అని అరిచారు త్రివిక్రమరావు గారు, రెండు నిమిషాలూ అయిన మరుక్షణం. అప్పుడే ఫోన్ మోగింది, ఆయన ఎత్తారు, రచయిత్రి గారు మళ్ళీ ఆగిపోయారు.

*

భ్రమరాంబ టీచర్‌కి మెమో వచ్చింది. మౌనం పాటించు సమయమున విద్యార్థిని ఆమోదం లేని ప్రశ్న అడుగుచుండగా ఎందుకు వారించలేదో సంజాయిషీ ఇవ్వవలెనని. ఆవిడ వెంటనే జవాబు రాసింది. 'వారించాలంటే మాట్లాడాలి. మాట్లాడరాదని తమరి ఆదేశం. పైగా ఆ సమయంలో రచయిత్రి గారు కూడా మాట్లాడారు. వారి సంజాయిషీ తెప్పించుకున్న తరవాత నాది పరిశీలించగలరు.' ఆఫీసువారు దాని మీద చాలా చర్చించారట. పోయిన మనిషికి మెమో ఏ చిరునామాకి పంపాలో తేలక ఆ ఫైలు అక్కడే ఆగింది.

రచయిత్రి గారు తాను బతికే ఉన్నానని ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పారట. దానికి తగిన ధ్రువపత్రం జతచేయమన్నారట. ఆవిడ నవ్వి పెట్టేశారట. సంతాపం మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలంటే ముందు పెట్టినవారు తీసుకోవాలి, ఆయనేమో తన పైవారు తీసుకుంటే చూద్దామన్నారు.

ఏడాది తిరిగేసరికి కొత్త సర్క్యులర్ వచ్చింది. గవర్రాజు గారు అప్పటికే రిటైరైపోయారు కాబట్టి భ్రమరాంబ టీచరే దాన్ని తరగతిలో చదివి వినిపించింది. 'కీర్తిశేషులు సౌగంధిక గారి ప్రథమ వర్ధంతిని పాఠశాలయందు ఘనంగా నిర్వహించవలెను. రెండు నిమిషములు మౌనం పాటించవలెను. ఇందులకు ముఖ్య అతిథిగా ప్రముఖ బాలల రచయిత్రి సౌగంధిక గారు దృశ్యరూపమున విచ్చేయుదురు.'

నూకరత్నం ఐదో తరగతికి వచ్చింది, కాస్త పొడుగైంది. చెయ్యెత్తింది.

"ఈసారి కూడా పెశ్నలు ముందే రాసివ్వాలాండీ టీచర్?"

"అక్కర్లేదే" అంది భ్రమరాంబ టీచర్. "మౌనం పాటించేటప్పుడు అడుగుదువుగాని."